చిట్టి పెళ్ళి ముహూర్తం విన్నాక

చెల్లాయ్,

మొన్న రాత్రి నువ్వు చిట్టికి గుంటూరు సంబంధం ఖాయమైనట్టేనని చెప్తుంటే నేను ఊఁ ఊఁ అంటూనే ఉన్నాను గానీ వైశాఖంలో ముహూర్తం అన్న దగ్గర్నుంచి నాకు ఇంకేం వినపడలేదు. ఫోను పెట్టేశాక మీ వదిన "శుభవార్త విని మొహం అట్లా పెట్టారేంటి" అంది. నిద్ర పట్టలేదు, పొద్దున్నే లేచి కూర్చుని ఇది టైపు చేస్తున్నా. ఫోనులో చెప్తే నువ్వు మధ్యలో అడ్డం వస్తావు, నేను కోప్పడతాను, అసలు సంగతి పోతుంది. బావగారికి చదివి వినిపించు. చిట్టిని మాత్రం తనంతట తనే చదవమను, లెక్కలు మన అందరికన్నా దానికే బాగా వచ్చు.

ముందు అసలు మాట, మీరు అమెరికా రావడానికి నేను వేసిన పిటిషన్ గురించి. చిట్టి పాస్‌పోర్టులో వీసా పడి, అది విమానం ఎక్కి ఇక్కడ దిగి, ఎయిర్‌పోర్టులో ఆఫీసరు లోపలికి పంపేదాకా దానికి పెళ్ళి కాకూడదు. నిశ్చితార్థం చేసుకోండి, తాంబూలాలు మార్చుకోండి, తాళి మాత్రం వద్దు, పెళ్ళైతే నీతో పాటు దానికి వీసా రాదు. రిజిస్టర్ చేయించకుండా గుడిలో కానిచ్చేస్తే లెక్కలోకి రాదని బావగారు అన్నారని చెప్పావు చూడు, అది విని నాకు ఒళ్ళు మండింది. రిజిస్టర్ కాకపోయినా తాళి కట్టాక అది పెళ్ళే. ఇంటర్వ్యూలో ప్రమాణం చేయించి మరీ అడుగుతారు, అక్కడ అబద్ధమాడి గట్టెక్కినా తర్వాత మొగుడికి పేపర్లు వేసేటప్పుడో సిటిజన్‌షిప్ అప్పుడో పెళ్ళి తేదీ రాయాలి కదా, అప్పుడు దొరికిపోతారు, వచ్చిన కార్డు కూడా పీకేస్తారు. ఆయన్ని ఆ మాట ఇంకెక్కడా అనొద్దను.

ఇంకోటి, చిట్టికి 23 నిండాయి, 21 దాటితే పిల్ల రాదంట కదా, మన ఇద్దరికే వస్తుంది, దాని పెళ్ళి ఎందుకు ఆపడం అని మీరు తీర్మానించేసుకున్నారని నాకు అర్థమైంది. ఎవరు చెప్పారే నీకు? నన్ను ఒక్క మాట అడగొచ్చుగా. 21 దాటితే రాదన్నది నిజమే, కానీ ఆ 21 మన పంచాంగం లెక్క కాదు, వాళ్ళకో లెక్క ఉంది. చైల్డ్ స్టేటస్ ప్రొటెక్షన్ యాక్ట్ అని 2002 ఆగస్టు 6న వచ్చింది, చిట్టి పుట్టింది అదే నెల 15న, ఆ చట్టం దానికంటే తొమ్మిది రోజులు పెద్దది. ఆ చట్టం ప్రకారం మన తేదీ, అంటే లైనులో మన వంతు, వచ్చిన రోజున పిల్ల అసలు వయసెంతో చూసి, అందులోంచి ఐ-130, అదే నేను నీకు వేసిన పిటిషన్, ఆఫీసులో పెండింగ్‌లో ఉన్న రోజులు తీసేస్తారు. మిగిలింది 21 లోపు ఉంటే చాలు.

నేను నీకు పిటిషన్ వేసింది 2007 ఫిబ్రవరి 20న, అప్రూవ్ అయింది 2011 మార్చి 28న. ఆ నాలుగేళ్ళూ నేను ఆ ఆఫీసుని తిట్టని రోజు లేదు, ఎన్నిసార్లు ఫోన్ చేసినా ప్రాసెస్‌లో ఉంది సార్ అనేవాళ్ళు. ఇప్పుడు ఆ ఆలస్యమే మన పిల్లని కాపాడుతోంది. 1497 రోజులు, రెండుసార్లు లెక్కేశాను, లీపు సంవత్సరం కూడా కలిపి. అంటే చిట్టికి వాళ్ళ లెక్కలో 21 నిండేది 2027 సెప్టెంబరు 20కి. నెలనెలా ఎవరి వంతు ఎంతవరకు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ ఉంటుంది, ఆ సెప్టెంబరు బులెటిన్ లోపు మన తేదీ వస్తే అది ఇంకా చిన్నపిల్లే.

వస్తుందా అంటే, ఇప్పుడు ఇండియాకి ఎఫ్4, అదే అన్నదమ్ముల అక్కచెల్లెళ్ళ లైను, 2006 చివర్లో పిటిషన్ వేసినవాళ్ళ దగ్గర నడుస్తోంది. మనకి ఇంకా కొన్ని నెలలే దూరం. కానీ ఆ బులెటిన్‌ని నమ్మడానికి లేదు చెల్లాయ్, ఒక నెల కదుల్తుంది, మూడు నెలలు మొండికేస్తుంది, ఒక్కోసారి వెనక్కి కూడా పోతుంది, ప్రపంచం మొత్తం మీద అన్నదమ్ములకి అక్కచెల్లెళ్ళకి కలిపి ఏడాదికి 65,000 వీసాలే, అందులో ఏ దేశానికీ 7 శాతం దాటనివ్వరు మరి. బులెటిన్‌లో రెండు పట్టికలు ఉంటాయి, డేట్స్ ఫర్ ఫైలింగ్ అని ఒకటి, ఫైనల్ యాక్షన్ డేట్స్ అని ఒకటి. వయసు లెక్కకి ఫైనల్ యాక్షన్‌దే చూడాలి, మొదటిది చూసి గంతులెయ్యకండి. ఆ తేదీ వచ్చాక ఏడాది లోపు ఫీజు కట్టి డీఎస్-260 అనే వీసా అప్లికేషన్ ఫారం చిట్టి పేరు మీద వేరేగా వెయ్యాలి, నీది వేస్తే దానిదీ వేసినట్టు కాదు. ఏడాది టైముంది కదా అని కూర్చోవద్దు, తేదీ వెనక్కి పోయిందంటే మళ్ళీ వచ్చినప్పుడు వయసు మళ్ళీ లెక్కేస్తారు, అందుకే ఎన్‌వీసీ (వీసా కాయితాలు చూసే ఆఫీసు) వాళ్ళు ఫీజు బిల్లు పంపిన రోజే కట్టెయ్. నీ ఈమెయిల్ ఎవరు చూస్తారే? చూసేవాళ్ళు లేకపోతే చిట్టిది ఇవ్వు.

ఇదంతా చిట్టి గూగుల్లో వెతుక్కున్నా దొరుకుతుంది. దొరకనిది మా పెద్దాడి సంగతి, అది నీకు సగమే తెలుసు.

మీ వదిన వాళ్ళక్క వేసిన పిటిషన్ మీద మాకు 2001లో వచ్చింది కదా, సెప్టెంబరులో ఇంటర్వ్యూ. పెద్దాడికి ఆ జూన్‌లో 21 నిండాయి. మూడు నెలలు. అప్పటికి ఈ చట్టం లేదు, రోజులు తీసెయ్యడాలు లేవు, కిటికీ అవతలి ఆఫీసరు వాడి పాస్‌పోర్ట్ ఒక్కటి విడిగా తీసి నా వైపు తోసింది. మర్యాదగానే చెప్పింది. ఇంకో పదకొండు నెలలకి చట్టం వచ్చింది, అప్పటికే తేలిపోయిన కేసులకి వర్తించదన్నారు. సరే అది నా తప్పు కాదు, దాన్ని తల్చుకుని నేను బాధపడను. నేను చెప్పేది ఆ తర్వాత నేను చేతులారా చేసింది.

మేము ఇక్కడికి వచ్చింది 2001 నవంబరు, వాణ్ణి తెనాలిలో అమ్మ దగ్గర వదిలి. 2002 మొదట్లోనే గ్రీన్‌కార్డు మీద వాడికి పిటిషన్ వేశాను, ఎఫ్2బీ అంటారు, పెళ్ళి కాని 21 దాటిన పిల్లలకి. లాయరుకి ఇవ్వడానికి డబ్బుల్లేవు, రాత్రులు గ్యాస్ స్టేషన్‌లో కౌంటర్ మీద పెట్టుకుని ఆ ఫారం నేనే నింపాను. పెళ్ళి కాని అన్న మాట ఆ ఫారంలో నా చేత్తో నేనే టిక్కు పెట్టాను. పెట్టి మర్చిపోయాను.

2006లో అమ్మకి ఒంట్లో బాగోలేదని నువ్వు ఫోన్ చేశావు గుర్తుందా, మనవడి పెళ్ళి చూసి పోతానంటోంది అన్నయ్యా, ఆషాఢం వచ్చేస్తే మళ్ళీ శ్రావణం దాకా ఆగాలి, అప్పటిదాకా ఉంటుందో ఉండదో అని ఏడ్చావు. నిన్ను తప్పు పట్టడానికి రాయట్లేదు ఇది, నేనూ ఏడ్చాను. సంబంధం మంచిది, పిల్ల మంచిది, ఇప్పటికీ నా కోడలు బంగారం. రెండు వారాలు సెలవు దొరికింది, అప్పు చేసి టికెట్ కొన్నాను, మే నెలలో పెళ్ళి చేసేశాం. అమ్మ మంచం మీద నుంచే అక్షింతలు వేసింది. నేను ఎవర్నీ అడగలేదు. ఒక్క ఫోను, ఒక్క లాయరుని, ఒక్కసారి, పెళ్ళి చేస్తే ఆ పిటిషన్ ఏమవుతుందండీ అని అడిగి ఉంటే సరిపోయేది. అడగాలని కూడా తట్టలేదు నాకు, పెళ్ళి వేరు పేపర్లు వేరు అనుకున్నాను.

2007 జనవరిలో సిటిజన్ ప్రమాణం అయింది. ఇప్పుడు వాడి కేసు తొందరగా కదుల్తుందని సంబరంగా ఈసారి డబ్బులు కట్టి మరీ ఒక లాయరు దగ్గరికి వెళ్ళాను, స్వీట్లు కూడా తీసుకెళ్ళాను పిచ్చివెధవలాగా. ఆయన కాయితాలన్నీ చూసి పెళ్ళెప్పుడైంది అన్నాడు. మే అన్నాను. పెన్ను కింద పెట్టేశాడు. గ్రీన్‌కార్డు వాళ్ళు పెళ్ళైన పిల్లలకి పిటిషన్ వెయ్యడానికే లేదంట, కాబట్టి తాళి కట్టిన నిమిషంలోనే అది రద్దయిపోయింది, ఎవరూ ఉత్తరం కూడా రాయలేదు, దానంతట అదే చచ్చిపోయింది. అదే నేను సిటిజన్ అయ్యాక పెళ్ళి చేసి ఉంటే ఆ 2002 తేదీ అట్లాగే ఉండి ఇంకో కేటగిరీలోకి మారేదంట. ఎనిమిది నెలలు. ఎనిమిది నెలలు ఆగి ఉంటే చాలు. అమ్మ ఆ తర్వాత మూడేళ్ళు బతికింది చెల్లాయ్. ముగ్గులు కూడా వేసింది.

ఆ ఫిబ్రవరిలోనే నీకూ వాడికీ ఇద్దరికీ ఒకే రోజు పిటిషన్లు వేశాను, రెండు కవర్లు, ఒకే పోస్టాఫీసు. వాడి తేదీ వచ్చేసరికి పదమూడేళ్ళు పట్టింది, ఇంటర్వ్యూ కోసం చూస్తుంటే 2020 మార్చిలో కోవిడ్ అని కాన్సులేట్లు మూసేశారు. మళ్ళీ తెరిచాక నేను ఫోన్ చేసి బయల్దేరరా అంటే నాన్నా నేను రాను అన్నాడు. నాకు నలభై దాటాయి, షాపు నడుస్తోంది, పిల్లలు బళ్ళో ఉన్నారు, అక్కడికొచ్చి ఇప్పుడు ఏం చెయ్యను అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

అందుకే నీకు చెప్పేది, ఆ అబ్బాయి వాళ్ళకి దాచకుండా మొత్తం చెప్పు. ఏడాది, ఏడాదిన్నర ఆగగలరా అని అడుగు. చిట్టి ఇక్కడికి వచ్చి కార్డు చేతిలో పడ్డాక వెనక్కి వచ్చి దర్జాగా పెళ్ళి చేసుకోవచ్చు, అప్పుడది మొగుడికి పేపర్లు వేస్తే ఇంకో రెండు మూడేళ్ళు పట్టొచ్చు, అదీ చెప్పు. కాదంటే వాళ్ళ ఇష్టం. ఇంకోటి, ఇది నాకు రాత్రి మూడింటికి తట్టింది, అసలు చిట్టిని ఎవరన్నా అడిగారా? నేను అడగలేదు, పెద్దాణ్ణి కూడా అడగలేదు అప్పుడు. ఆ అబ్బాయే కావాలి, అమెరికా అక్కర్లేదు మామయ్యా అంటే ఆ పిల్ల నోటితో నాకు చెప్పమను, నేనే ముందొచ్చి పందిట్లో కూర్చుంటా. తెలిసి వదులుకోవడం వేరు. తెలియక పోగొట్టుకోవద్దు. ఒకటి మాత్రం దానికి తెలియాలి, ఈ తేదీ దాటిపోతే మీరిద్దరూ వచ్చి దానికి మళ్ళీ మొదట్నుంచి పిటిషన్ వెయ్యాలి, 2007 తేదీ దానికి రాదు, ఇక్కడి సుప్రీంకోర్టు 2014లో తేల్చేసింది. ఆ ఎఫ్2బీ లైను ఇప్పుడు దాదాపు తొమ్మిదేళ్ళ వెనక నడుస్తోంది.

మిగతావి చిన్నవి. బర్త్ సర్టిఫికెట్లో, టెన్త్ మెమోలో, పాస్‌పోర్టులో చిట్టి పేరు ఒకేలా ఉందో లేదో ఇవాళే చూడు, ఇంటిపేరు ఒకదాంట్లో ముందు ఒకదాంట్లో వెనక ఉంటుంది మనవాళ్ళకి. నీ పుట్టుక ఎక్కడా నమోదు కాలేదు కాబట్టి నీకు నమోదు లేదన్న సర్టిఫికెట్, దాంతో పాటు పెద్దవాళ్ళ అఫిడవిట్లు కావాలి, మన పెదనాన్న కొడుకు ఒక్కడే మిగిలాడు నువ్వు పుట్టడం చూసినవాడు, ఆయన సంతకం ముందు తీసుకో. నువ్వు పుట్టిన రోజు నాకు బాగా గుర్తు, పద్నాలుగేళ్ళు నాకు, మంత్రసాని కోసం చీకట్లో కాలవగట్టు మీద పరిగెత్తాను, ఒక చెప్పు నీళ్ళల్లో పోయింది. పోలీస్ క్లియరెన్స్ ముందే తీసుకోవద్దు, పాతబడుతుంది. స్పాన్సర్ పేపర్లకి నా పెన్షన్ సరిపోదు, మా అమ్మాయి జాయింట్ స్పాన్సర్‌గా సంతకం పెడతానంది, అది నాకు వదిలెయ్.

ఇంకొక్కటి, ఇది చదివి వెంటనే ఫోన్ చేసి ఏడవద్దు. పోయిన నవంబరులో నాకు స్టెంట్ వేశారని నీకు చెప్పలేదు, రెండోది. ఇప్పుడు బాగానే ఉన్నా, రోజూ నడుస్తున్నా, ఉప్పు తగ్గించా, ఆవకాయ మానలేదు. కానీ ఈ పిటిషన్ వేసింది నేను. వేసినవాడు పోతే పిటిషనూ పోతుంది. అప్రూవ్ అయిన కేసు కాబట్టి మానవతా దృష్టితో మళ్ళీ తెరవమని అడగొచ్చు, ఇచ్చి తీరాలని రూలు లేదు. నేను తొందర పెడుతున్నది బులెటిన్ కోసం ఒక్కటే కాదు. ఎన్‌వీసీ నుంచి ఏం వచ్చినా వారం కూడా ఆపవద్దు.

ఐ-130 రసీదు, అప్రూవల్ నోటీసు రెండూ స్కాన్ చేసి నీకూ చిట్టికీ వాట్సాప్‌లో పెట్టాను, అందిందో లేదో చెప్పండి. ఒరిజినల్స్ మా బెడ్రూమ్ క్లోజెట్‌లో పై అరలో, అమ్మ ఇత్తడి డబ్బా ఉంటుంది చూడు, అందులో పెట్టాను. ఎక్కడున్నాయో మీ వదినకి చూపించాను, అమ్మాయికి కూడా చెప్పాను.

మీ అన్నయ్య