ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లండన్‌కి టికెట్ కొనేముందు

చి. అమ్మడికి,
పెదనాన్న ఆశీస్సులు.

దీపావళికి లండన్‌లో అన్నయ్య వాళ్లింటికి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. "గంటన్నర ఫ్లైటే కదా, శుక్రవారం నాలుగింటికి క్లాసు అయ్యాక బయల్దేరి ఎనిమిదికల్లా అక్కడుంటా" అన్నావట. అలా కుదరదమ్మా.

అన్నిటికంటే ముందు వీసా. నీ జర్మనీ రెసిడెన్స్ పర్మిట్‌తో షెంగెన్ దేశాలు, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు, తిరగొచ్చు గానీ, బ్రిటన్ అందులో లేదు. మన పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు విజిటర్ వీసా విడిగా తీసుకోవాలి. అది చేతికొచ్చాకే టికెట్ కొను. వెళ్లేటప్పుడు పాస్‌పోర్ట్, పర్మిట్ కార్డు రెండూ దగ్గర పెట్టుకో, తిరిగి జర్మనీలోకి రావాలి కదా.

ఇక దూరం. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి లండన్‌లోని హీత్రో ఎయిర్‌పోర్ట్‌కి ఆకాశమార్గాన సుమారు 655 కి.మీ. ఒకచోట 407 అనీ, ఇంకోచోట 354 అనీ కనిపిస్తే కంగారుపడకు. మొదటిది మైళ్లు, రెండోది విమానాల, ఓడల లెక్కల్లో వాడే నాటికల్ మైళ్లు. విమానం గాలిలో ఉండేది గంటంపావు లోపే. టికెట్‌లో మాత్రం గంటా నలభై నిమిషాల దాకా చూపిస్తారు. ఇక్కడ గేటు వదిలిన దగ్గర్నుంచి అక్కడ గేటు చేరేదాకా లెక్క అది. రన్‌వే దగ్గర క్యూ, హీత్రో మీద దిగే వంతు కోసం కొట్టే చక్కర్లు అన్నీ అందులోనే. పైగా వెళ్లేటప్పుడు తరచూ పడమటి గాలి ఎదురొస్తుంది.

టికెట్ మీద ఎక్కే టైం జర్మనీది, దిగే టైం లండన్‌ది. లండన్ గంట వెనక. అందుకే ఆరింటికి ఎక్కి ఆరూ నలభైకి దిగినట్టు ఉంటుంది. తిరుగు ప్రయాణంలో ఆ గంట పోతుంది. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి అక్కడ ఎక్కితే ఇక్కడ దిగేసరికి పదకొండు దాటుతుంది. నువ్వుండే డార్మ్‌స్టాట్ చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది, సోమవారం క్లాసుకి నిద్రమొహంతో పోవాలి. మధ్యాహ్నం ఫ్లైట్ చూసుకో. అక్టోబర్ చివరి ఆదివారం గడియారాలు మారతాయని భయపడకు, రెండు దేశాలూ ఒకేసారి మారుస్తాయి. మారేది మన ఇంటికి ఫోన్ చేసే లెక్కే: మూడున్నర గంటల తేడా నాలుగున్నర అవుతుంది.

ఎయిర్‌పోర్ట్ ఎంచుకోవడంలోనే అసలు టైమంతా ఉంది. అన్నయ్య ఉండేది లండన్ తూర్పున ఈస్ట్ హామ్‌లో, హీత్రో ఏమో ఊరికి పడమటి కొసన. లండన్ సిటీ ఎయిర్‌పోర్ట్ అయితే వాళ్లింటికి బాగా దగ్గర, కాస్త ఎక్కువైనా అదే కొను. స్టాన్‌స్టెడ్‌కి టికెట్ చవగ్గా దొరకొచ్చు గానీ, ఊళ్లోకి రైల్లోనే ముప్పావుగంట పైన పడుతుంది. ఇటువైపు హాన్ అని ఒకటుంది. పేరులో ఫ్రాంక్‌ఫర్ట్ తగిలించుకుంది గానీ, ఊరికి 120 కి.మీ. దూరం. దాని జోలికి పోకు.

ఇప్పుడు లెక్క వెయ్యి: డార్మ్‌స్టాట్ నుంచి బస్సు అరగంట, రెండు గంటల ముందు చేరడం, ఫ్లైట్, అక్కడ ఇమిగ్రేషన్ క్యూ, ఆపైన రైలు. హీత్రో మీదుగా అయితే ఆరు గంటలు వేసుకో. శనివారం పొద్దున్నే బయల్దేరడం మేలు.

ఇంకోటి. విమానం మూడు గంటలు, ఆపైన ఆలస్యంగా చేరితే యూరప్ నిబంధన ప్రకారం పరిహారం అడగొచ్చు. ఎంత ఇస్తారనే దానికి మాత్రం దూరమే ముఖ్యం: 1,500 కి.మీ. లోపు అయితే 250 యూరోలు. తుఫాను లాంటి కారణాలుంటే ఇవ్వరు. ఇల్లు చేరేదాకా బోర్డింగ్ పాస్ డిలీట్ చెయ్యకు.

ఇట్లు,
పెదనాన్న