మ్యాక్‌బుక్‌లో విండోస్‌కు డ్రైవర్లు లేనప్పుడు: మేనల్లుడికి లేఖ

కడప

చిరంజీవి అల్లుడికి మేనమామ ఆశీస్సులు.

అనంతపురంలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న మ్యాక్‌బుక్ ప్రోలో ఈట్యాబ్స్ అనే భవన నిర్మాణ డిజైన్ సాఫ్ట్‌వేర్ కోసం విండోస్ 10 ఎక్కించావనీ, ఇప్పుడు వైఫై కనబడక, శబ్దం రాక, ట్రాక్‌ప్యాడ్ మీద రెండు వేళ్లతో పేజీ జరగక అవస్థ పడుతున్నావనీ రాశావు. ఇవి మూడు వేర్వేరు జబ్బులు కావు. ఆపిల్ తన యంత్రంలో అమర్చిన కొన్ని భాగాలకు విండోస్ దగ్గర సొంత డ్రైవర్లు, అంటే ఆ భాగాలను పనిచేయించే చిన్న సాఫ్ట్‌వేర్లు, ఉండవు. అవన్నీ మ్యాక్‌లో విండోస్ నడపడానికి ఆపిల్ ఇచ్చే బూట్ క్యాంప్ సాఫ్ట్‌వేర్‌లో కలిసి వస్తాయి. నీ విండోస్‌లో అది పడలేదు, అంతే. కాబట్టి ఒక్కొక్క డ్రైవరు కోసం ఇంటర్నెట్టంతా గాలించవద్దు. అన్నీ ఒక్క నొక్కుతో ఎక్కిస్తామనే ప్రోగ్రాముల జోలికి అసలే పోవద్దు. వాటితో పాటు ఏం దిగుతుందో చెప్పలేము.

ముందుగా మోడల్ తేల్చుకోవాలి. అడుగున ఏ1502 అని ఉందన్నావు గానీ, 2013 చివర, 2014 మధ్యలో, 2015 ఆరంభంలో వచ్చిన పదమూడు అంగుళాల యంత్రాలన్నిటికీ అదే సంఖ్య. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి, సిస్టమ్ మోడల్ అన్న వరుస చూడు. మ్యాక్‌బుక్‌ప్రో12,1 అని ఉంటే 2015ది. 11,1 అని ఉంటే అంతకు ముందుది.

ఆ తర్వాత ఆప్షన్ కీ నొక్కి పట్టుకుని యంత్రాన్ని ఆన్ చేసి, ఆపిల్ సొంత ఆపరేటింగ్ సిస్టమ్ అయిన మ్యాక్ ఓఎస్‌లోకి వెళ్లు. యుటిలిటీస్‌లోని బూట్ క్యాంప్ అసిస్టెంట్‌ను తెరిచి, పైన మెనూలో ఉన్న యాక్షన్ కింద ‘డౌన్‌లోడ్ విండోస్ సపోర్ట్ సాఫ్ట్‌వేర్’ ఎంచుకుంటే, నీ మోడల్‌కు తగిన డ్రైవర్లన్నీ అదే తెచ్చిపెడుతుంది. వాటిని ఎంఎస్-డాస్ ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, విండోస్‌కు తిరిగి వచ్చి, అందులోని బూట్‌క్యాంప్ ఫోల్డరులో ఉన్న సెటప్‌ను నడుపు. నడుమ తెర ఒకటి రెండు సార్లు నల్లబడవచ్చు. అది గ్రాఫిక్స్ డ్రైవరు మారుతున్న సమయం గనుక కంగారుపడి పవర్ బటన్ నొక్కవద్దు. సెటప్ రిపేర్ చేయమంటావా అని అడిగితే సరేనను. రీస్టార్ట్ అయ్యాక చాలామందికి పని ఇక్కడితోనే తీరిపోతుంది.

అమ్మినవాడు మ్యాక్ ఓఎస్‌ను తుడిచేసి ఉంటే మాత్రం దారి వేరు. బ్రిగేడియర్ అనే ఉచిత సాధనానికి మోడల్ పేరు ఇస్తే, ఆపిల్ సర్వర్ల నుంచే ఆ డ్రైవర్లను దించిపెడుతుంది. నేను వద్దన్న ప్రోగ్రాముల కోవలోకి ఇది రాదు, ఎందుకంటే ఇది తెచ్చేవి ఆపిల్ ఇచ్చినవే. వైఫై లేదు కదా, ఇంటర్నెట్ ఎలా అంటావేమో. ఆండ్రాయిడ్ ఫోనును కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే సాధారణంగా విండోస్ 10 దాన్ని వెంటనే గుర్తిస్తుంది.

ఇంతా చేశాక కూడా, యంత్రంలోని భాగాల జాబితా చూపే విండోస్ డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు మిగిలితే, దాని ప్రాపర్టీస్ చూడు. కోడ్ 28 అంటే డ్రైవరు లేదని అర్థం. డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీ ఎంచుకుంటే వెన్ అన్న అక్షరాల పక్కన తయారీదారు సంఖ్య కనిపిస్తుంది: 14ఈ4 అంటే బ్రాడ్‌కామ్, నీ వైఫై అదే, 1013 అంటే సిరస్ లాజిక్, అది శబ్దానిది, 8086 అంటే ఇంటెల్. అప్‌డేట్ డ్రైవర్ నొక్కి, వెతకవలసిన చోటుగా పెన్‌డ్రైవ్‌ను చూపించు. సబ్‌ఫోల్డర్లను కూడా చేర్చమన్న గడిలో టిక్కు తప్పనిసరి. అక్కడా దొరకకపోతే విండోస్ అప్‌డేట్‌లోని ఆప్షనల్ అప్‌డేట్స్ చూడాలి.

నీ స్నేహితుడు ఎం1 మ్యాక్‌బుక్ కొంటానంటున్నాడన్నావు. 2020 నవంబరులో వచ్చిన ఆ చిప్ మొదలుకొని ఆపిల్ సొంత చిప్‌లున్న యంత్రాల్లో బూట్ క్యాంప్ లేదు గనుక, ఈ ఉత్తరం అతనికి పనికిరాదు. నీకు మాత్రం ఏదైనా పసుపు గుర్తు మొండికేస్తే, దాని హార్డ్‌వేర్ ఐడీ ఉన్న తెరను ఫోటో తీసి, సిస్టమ్ మోడల్‌తో కలిపి నాకు పంపు.

ఇట్లు,
నీ మేనమామ