ఓటీపీ రాకుండానే డబ్బు కట్ అయింది, ఫర్వాలేదా?

"అన్నా, కార్డు నంబరు కొట్టాను, ఓటీపీ రానేలేదు, ఆర్డర్ మాత్రం అయిపోయింది. ఇలాగైతే నా కార్డు ఎవరైనా వాడేసుకోవచ్చు కదా?" అమెరికా వచ్చిన మొదటి నెలలో ఇలా కంగారుపడి ఫోన్ చేసేవాళ్లు చాలామంది. మొదటిసారి ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు నేనూ ఫోన్ చేతిలో పట్టుకుని మెసేజ్ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఎంతకీ రాకపోతే తలెత్తి చూశాను, స్క్రీన్ మీద ఆర్డర్ నంబరు ఎప్పుడో వచ్చేసి ఉంది.

ఇండియాలో ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రెండో తనిఖీ ఉండి తీరాలని రిజర్వ్ బ్యాంకు 2009 ఆగస్టు నుంచి నియమం పెట్టింది. మనకు ఓటీపీ అలవాటైంది అందుకే. యూరప్‌లోనూ ఇలాంటి నిబంధన 2019లో వచ్చింది. అమెరికాలో అలాంటి చట్టం లేదు. ఓటీపీ అడగాలా వద్దా అన్నది అమ్మే కంపెనీ, కార్డు ఇచ్చిన బ్యాంకు చూసుకుంటాయి. అంతమాత్రాన తనిఖీ జరగడం లేదనుకోకండి. జరుగుతుంది, మనకు కనపడదు అంతే.

ఇక రెండో ప్రశ్న, వీసా మంచిదా మాస్టర్‌కార్డ్ మంచిదా అని. ఈ రెండూ మనకు కార్డు ఇవ్వవు, అప్పూ ఇవ్వవు. అమ్మేవాడి బ్యాంకుకీ మన బ్యాంకుకీ మధ్య సమాచారం, డబ్బు లెక్కలు నడిచే దారి మాత్రమే అవి. వడ్డీ, లిమిట్, మోసం జరిగినప్పుడు ఫోన్ ఎత్తే మనిషి, ఇవన్నీ బ్యాంకు చేతిలోనివి. అమెరికన్ ఎక్స్‌ప్రెస్, డిస్కవర్ వేరే రకం. దారీ వాళ్లదే, చాలావరకు కార్డు ఇచ్చేదీ వాళ్లే. కాబట్టి కార్డు మీద బొమ్మ కంటే ఇచ్చిన బ్యాంకు ఏదో చూసుకోండి.

నంబర్లలో తేడా మాత్రం తెలిసి ఉండటం మంచిది. వీసా 4తో మొదలవుతుంది, మాస్టర్‌కార్డ్ 5తో లేదా 2తో, డిస్కవర్ 6తో. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ 34 లేదా 37తో మొదలై 15 అంకెలే ఉంటుంది. దాని సెక్యూరిటీ కోడ్ నాలుగు అంకెలు, అదీ కార్డు ముందువైపు ఉంటుంది. మొదటిసారి ఆ కార్డు తీసుకున్నవాళ్లు వెనక్కి తిప్పి మూడంకెలు కొట్టి, పని చేయట్లేదని టెన్షన్ పడుతుంటారు.

ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేటప్పుడు వీసా సెక్యూర్, మాస్టర్‌కార్డ్ ఐడెంటిటీ చెక్, అమెక్స్ (అమెరికన్ ఎక్స్‌ప్రెస్) సేఫ్‌కీ, డిస్కవర్ ప్రొటెక్ట్‌బై అని నాలుగు పేర్లు కనపడతాయి. నాలుగింటి వెనకా ఉన్నది త్రీ-డి సెక్యూర్ అనే ఒకే తనిఖీ పద్ధతి. పాత రోజుల్లో అది వేరే కిటికీ తెరిచి పాస్‌వర్డ్ అడిగేది. 2016లో వచ్చిన కొత్త పద్ధతిలో మీరు వాడే ఫోనో కంప్యూటరో ఏది, ఎంత మొత్తం, సరుకు ఏ చిరునామాకు వెళ్తోంది లాంటి వివరాలు ముందే బ్యాంకుకు చేరతాయి. అనుమానం లేకపోతే బ్యాంకు అక్కడికక్కడే సరేనంటుంది. అనుమానం వస్తేనే కోడ్ అడుగుతుంది. ఈ తనిఖీ దాటాక మోసమని తేలితే నష్టం సాధారణంగా అమ్మినవాడి మీద కాక బ్యాంకు మీద పడుతుంది.

కొత్తవాళ్లకు అసలు దెబ్బ తగిలేది అడ్రస్ దగ్గర. మీరు కొట్టిన బిల్లింగ్ అడ్రస్‌లోని ఇంటి నంబరు, జిప్ కోడ్ (మన పిన్‌కోడ్ లాంటిది) బ్యాంకు రికార్డుతో పోల్చి చూస్తారు. గ్యాస్ స్టేషన్‌లో పంపు దగ్గర జిప్ కోడ్ అడిగేదీ ఇందుకే. నేను అపార్ట్‌మెంట్ మారిన వారంలో లాప్‌టాప్ కొనబోయి, డెబిట్ కార్డు నంబరుతో కొత్త అడ్రస్ కొట్టాను. బ్యాంకులో పాతదే ఉందన్న సంగతి గుర్తులేదు. ఆర్డర్ క్యాన్సిల్ అయింది. ఏదో తప్పు కొట్టానేమోనని ఇంకో రెండుసార్లు ప్రయత్నించాను. తర్వాత యాప్ తెరిస్తే అదే మొత్తం మూడు వరుసల్లో ఉంది, ఒక్కోదాని పక్కనా 'పెండింగ్' అని. అద్దె కట్టాల్సిన డబ్బు మొత్తం అందులో ఇరుక్కుపోయింది.

బ్యాంకుకు ఫోన్ చేస్తే అప్పుడు అర్థమైంది. బ్యాంకు మూడుసార్లూ డబ్బుకు సరేనంది, అడ్రస్ కలవట్లేదని మాత్రం పక్కన గుర్తు పెట్టింది. ఆ గుర్తు చూసి వద్దన్నది కంపెనీ. ఆ మూడూ నాలుగైదు రోజులకు వాటంతటవే పోయాయి కానీ, ఆ నెల అద్దెకు నేను స్నేహితుడి దగ్గర చేబదులు తీసుకోవాల్సి వచ్చింది. అందుకే చెబుతున్నాను, ఒకసారి వద్దంటే మళ్లీ మళ్లీ నొక్కకండి. స్టేట్‌మెంట్ మీద అడ్రస్ ఎలా ఉందో చూసి అలాగే కొట్టండి. ఇల్లు మారితే ముందు బ్యాంకులో మార్చండి.

ఇండియా కార్డుతో వస్తే ఇంకో చిక్కు ఉంది. అక్కడి బ్యాంకులు సాధారణంగా ఈ అడ్రస్ పోలికలో ఉండవు కాబట్టి కొన్ని అమెరికా సైట్లు ఆ కార్డును తీసుకోవు. పైగా రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన నియమం వల్ల కొత్త కార్డుకు విదేశీ వాడకం మొదట ఆపేసే ఉంటుంది, యాప్‌లోకి వెళ్లి మీరే ఆన్ చేసుకోవాలి. ఆ కార్డు మీద ఓటీపీ సాధారణంగా వచ్చేది ఇండియా నంబరుకే. విమానం ఎక్కేముందు ఈ రెండూ చూసుకోండి. ఆ సిమ్ చచ్చిపోనివ్వకండి.

ఆన్‌లైన్‌లో డెబిట్ కార్డు వాడకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. క్రెడిట్ కార్డును వేరేవాళ్లు వాడుకుంటే చట్టం ప్రకారం మీ మీద పడేది 50 డాలర్లకు మించదు, చాలా బ్యాంకులు అదీ అడగవు. గొడవ తేలేదాకా ఇరుక్కునేది బ్యాంకు డబ్బు. డెబిట్ అయితే మీ సొంత డబ్బు పోతుంది, తర్వాత తిరిగి రాబట్టుకోవాలి. డెబిట్ కార్డు పోయిందని తెలిసిన రెండు పనిదినాల్లో చెబితే మీ మీద పడేది 50 డాలర్ల వరకే, ఆలస్యమైతే 500 దాకా పోవచ్చు. స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు చెప్పకపోతే ఆ తర్వాత పోయినదానికి హద్దే లేదు. అందుకే ప్రతి లావాదేవీకీ మెసేజ్ వచ్చేలా యాప్‌లో పెట్టుకోండి, ఒక్క డాలరైనా సరే. దొంగలు ముందు చిన్న మొత్తంతో కార్డు పనిచేస్తోందో లేదో చూసుకుంటారు.

"బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, మీ కార్డు మీద మోసం జరుగుతోంది, ఇప్పుడొచ్చిన కోడ్ చదవండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే, ఆ కోడ్ వచ్చింది అవతలివాడు అదే క్షణంలో మీ కార్డుతో ఏదో కొనబోతున్నందుకు కావచ్చు. ఆ మెసేజ్ మొత్తం చదవండి, ఏ కంపెనీకి ఎంత కడుతున్నారో చాలాసార్లు అందులోనే ఉంటుంది. ఏమీ చెప్పకుండా ఫోన్ పెట్టేసి, కార్డు వెనక ఉన్న నంబరుకు మీరే చేయండి.