మేస్త్రి మాట మీద రాస్తున్న అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

‘మేస్త్రి’ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. మీ నాన్నగారిని ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలవరనీ, అందరికీ ఆయన మేస్త్రేననీ, ఆ మాట ఎక్కడిదో తెలుసుకోవాలనిపించిందనీ మొదట్లోనే చెప్పావు. రాయడానికి ఇంతకన్నా మంచి కారణం ఏముంటుంది? అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను.

మేస్త్రి ఇంగ్లీషు మాస్టర్ నుంచి వచ్చిందన్నావు. పోలిక చూస్తే అలాగే అనిపిస్తుంది. కానీ మాట పుట్టుక చెప్పేటప్పుడు పోలిక ఒక్కటే చాలదమ్మా, ధ్వని కూడా చూడాలి. ఇంగ్లీషు నుంచి వచ్చిన ‘ట’ మన నోట్లో సాధారణంగా ‘ట’గానే ఉంటుంది. బటన్, టవల్, టికెట్ చూడు. పోర్చుగీసువాళ్లు పలికేది మన ‘త’కి దగ్గర. వాళ్ల బొతావ్ మనకి బొత్తాం అయింది, తువాల్య తువ్వాలు అయింది. బొత్తాం, బటన్ ఒకే వస్తువుకి రెండు పేర్లు. వచ్చిన ఓడలు వేరు. అలాగే పోర్చుగీసు మెస్త్రె మేస్త్రి అయింది, ఇంగ్లీషు మాస్టర్ మాస్టారూ మేష్టారూ అయింది. 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరాడు, 1510లో గోవా పోర్చుగీసు చేతికి వెళ్లింది. వాళ్లతో వచ్చిన మాట ఎంత దూరం పాకిందంటే, హిందీవాళ్లకి బండి బాగుచేసేవాడు మిస్త్రీ, పార్సీల్లో అదే ఇంటిపేరు. బ్రెజిల్‌లో ఇవాళ్టికీ ఇళ్లు కట్టే పని చూసేవాణ్ని ‘మెస్త్రె ది ఒబ్రాస్’ అంటారు. అంటే అచ్చంగా మీ నాన్నగారే. శ్రీలంకలో మాత్రం తాపీపని పెద్దని బాస్ అంటారు. అది డచ్చివాళ్ల మాట, ఇంగ్లీషు బాస్‌కీ మూలం అదే.

మాస్టర్‌కీ మెస్త్రెకీ తాత ఒకడే, లాటిన్ మగిస్తెర్. ‘మగిస్’ అంటే ఎక్కువ. దానికి ఎదురుగా ‘మినుస్’, అంటే తక్కువ, నుంచి మినిస్తెర్ వచ్చింది. దాని అర్థం సేవకుడు. మన మినిస్టర్ అదే. ఇది తెలియగానే వ్యాసం చివర పెట్టి మెప్పించాలనిపిస్తుంది. అలా పెట్టకు. చదివినవాళ్లు భలే ఉందనుకుని వెళ్లిపోతారు, మీ నాన్నగారి పని వాళ్లకి కనబడదు.

ఆ పనే నీ వ్యాసంలో లేదు. మాలు కలిపే కుర్రాణ్ని ఎవరూ మేస్త్రి అనరు కదా. వాడు ఇటుకలు అందిస్తాడు, తట్టలు మోస్తాడు, సాయంత్రం తాపీలు కడిగి పెడతాడు. కొన్నాళ్లకి ఎక్కడో లోపలి గోడకి ఒక వరస పెట్టనిస్తారు. పెట్టాక దారానికి కట్టిన గుండు వదిలి, అది ఊగడం ఆగేదాకా ఆగి, గోడ నిటారుగా ఉందో లేదో వాడే చెప్పాలి. ఆ మాట విని పెద్దాయన తను మళ్లీ చూసుకోకుండా పై వరసకి పొమ్మంటే, ఇక వాడు మేస్త్రి. సర్టిఫికెట్ ఎవరూ ఇవ్వరు, తోటివాళ్లు అలా పిలవడమే సర్టిఫికెట్. మీ నాన్నగారిని మొదటిసారి ఎవరు అలా పిలిచారో అడిగావా? నాకు అది చదవాలనుంది.

ఈ మాటకి చేదు కూడా ఉంది, దాన్ని దాటేయకు. 1852 యుద్ధం తర్వాత దిగువ బర్మా ఇంగ్లీషువాళ్ల కిందికి వచ్చింది. రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో కూలీలు కావలసివచ్చారు. కోరింగ, కాకినాడ, విశాఖ వైపు నుంచి మనవాళ్లు ఓడ ఎక్కారు. అక్కడ వాళ్లకి కోరంగీలనే పేరు పడింది. అడ్వాన్సు ఇచ్చి తీసుకెళ్లి, తర్వాత కూలి డబ్బుల్లో కోసుకున్నవాడి పేరూ మేస్త్రే. పాలమూరు నుంచి ప్రాజెక్టుల పనులకి కూలీల్ని గుంపుగా తీసుకెళ్లినవాణ్ని గుంపు మేస్త్రి అన్నారు. గోడ కట్టేవాడికీ, మనుషుల్ని అప్పుతో కట్టేసేవాడికీ మనం ఒకే పేరు పెట్టుకున్నాం. ఇది నన్ను చాలా బాధపెడుతుంది. నువ్వు దీని గురించి గట్టిగా రాయాలి.

ఇంకొకటి. పని జరిగే ప్రతిచోటా తట్ట మోసే ఆడవాళ్లు ఉంటారు. ఏళ్ల తరబడి అదే పని చేసినా వాళ్లని మేస్త్రి అనగా నేను వినలేదు. మీ అమ్మగారు కూడా నాన్నగారితో పనికి వెళ్లేవారని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశావు. ఆవిడ చేతికి తాపీ ఎప్పుడైనా ఇచ్చారా, ఇవ్వకపోతే ఎందుకివ్వలేదు? నాన్నగారినీ అమ్మగారినీ విడివిడిగా కూర్చోబెట్టి అడుగు. ఒకరి ముందు ఒకరు చెప్పరు.

పోర్చుగీసు, లాటిన్ సంగతులు ఒక్క పేరాకి కుదించు. మిగతా చోటంతా వాళ్లిద్దరి మాటలకి వదులు, వాళ్ల నోట వచ్చింది వచ్చినట్టే రాయి. తిరగరాసింది ఈ నెలాఖరుకి పంపు, కూర్చుని చదువుతాను.