పర్లాకిమిడిలోనా, పాతపట్నంలోనా? ముందు చేతిలో ఎంత మిగులుతుందో చూడండి

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక పాఠకుడు రాశారు. హార్డ్‌వేర్ షాపు ఉంది, ఇంటి ఖర్చు నెలకు 30 వేలు, పొదుపు 12.5 లక్షలు. ఊళ్లో ఒక ఇంటి స్థలం, సరిహద్దు దాటగానే ఆంధ్రలోని పాతపట్నంలో ఇంకొకటి చూశారు, రెండూ 18 లక్షలే. రిజిస్ట్రేషన్ ఎక్కడ చవక అని అడుగుతున్నారు. తక్కువపడే డబ్బుకి ఇంట్లో నగలు తాకట్టు పెట్టి లక్షన్నర, తెలిసిన వడ్డీ వ్యాపారి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి 4 లక్షలు తెస్తారట. మరి రిజిస్ట్రేషన్ ఖర్చు? "ఎలాగోలా సర్దుతాను" అన్నారు.

ఒడిశాలో స్టాంపు డ్యూటీ మగవాళ్లకు 5 శాతం, ఆడవాళ్లకు 4, అది కాక రిజిస్ట్రేషన్ ఫీజు స్థలం విలువలో 2 శాతం. ఆంధ్రలో అన్నీ కలిపి 7.5. అంటే మీ ఆవిడ పేరున పర్లాకిమిడిలో కొంటే 1.08 లక్షలు, పాతపట్నంలో 1.35 లక్షలు, తేడా 27 వేలు. ఆ వడ్డీ వ్యాపారికి మీరు కట్టేది నెలకు 12 వేలండీ! మిగిలిందనుకున్న 27 వేలు మూడు నెలల వడ్డీకే చాలవు, అసలు మాత్రం అలాగే ఉంటుంది. ఈ అప్పు వద్దు, వద్దంటే వద్దు. ఒకటిన్నర శాతం తేడా కోసం రెండు ఆఫీసులు తిరిగేవాళ్లు నెలకు మూడు శాతం వడ్డీ దగ్గర మాత్రం లెక్క వేయరు, ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తున్నాయి, అందుకే ఇంత గట్టిగా రాస్తున్నాను.

అసలు భయం వేరే ఉంది. ఆ పొదుపంతా స్థలంలో పోశాక, వానాకాలంలో రెండు నెలలు బేరాలు పడిపోతే, లేదా ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో చేరితే, డబ్బు ఎక్కడిది? నగలు అప్పటికే తాకట్టులో ఉంటాయి. స్థలం రాత్రికి రాత్రి అమ్ముడుపోదు, అవసరంలో ఉన్నవాడి స్థలమైతే ధర ఇంకా తగ్గించి అడుగుతారు. జీతం లేని వ్యాపారికి ఆరు నెలల ఖర్చు సరిపోదు, తొమ్మిది నెలలది ఉండాలి. మీ లెక్కన 2.7 లక్షలు. అది ఈ రోజే వేరే ఖాతాలో పెట్టి, దాని ముఖం చూడకండి. హెల్త్ ఇన్సూరెన్స్ గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు, లేకపోతే ఈ నెలలోనే తీసుకోండి.

పద్ధతి విషయానికొస్తే, పాతపట్నం స్థలం పర్లాకిమిడి ఆఫీసులో రిజిస్టర్ కాదు, స్థలం ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడికే వెళ్లాలి. ఒడిశాలో రిజిస్ట్రేషన్ అయ్యాక తహసీల్‌లో మ్యుటేషన్ చేయించుకుని పట్టా మీ పేరుకి మార్పించుకునేదాకా పని పూర్తయినట్టు కాదు. పట్టా ఒడియాలో ఉంటుంది, చదవడం రాకపోతే చదవగలిగిన వకీలుకి చూపించండి. అడ్వాన్స్ నగదుగా ఇవ్వకండి, 20 వేలు, అంతకు మించి నగదు పుచ్చుకుంటే అమ్మేవాడికి అంత మొత్తం పెనాల్టీ పడవచ్చు, మీ చేతిలో రుజువూ ఉండదు.

రాయగడ, కొరాపుట్ వాళ్లకు ఒక మాట. ఒడిశా షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనకూడదు. ఆంధ్ర ఏజెన్సీలో 1/70 చట్టం ఇంకా కఠినం, అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే గిరిజనేతరుడికి అమ్మితే చెల్లదు. చవగ్గా వస్తోందని సంతకం పెట్టకండి.

మీ విషయానికొస్తే, 2.7 లక్షలు పక్కన పెడితే 9.8 మిగులుతాయి. రిజిస్ట్రేషన్‌తో కలిపి అందులోనే వచ్చే చిన్న స్థలం చూడండి, అది పర్లాకిమిడిలోనే దొరికితే మీ ఆవిడ పేరున తీసుకోండి. దొరకకపోతే ఆగండి.