కోపంగా ఉన్న కస్టమర్, మొరాయించే కంప్యూటర్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ టెక్నికల్ సపోర్ట్‌లో పనిచేసేవాళ్లవే. అందరి బాధా ఒకటే: కస్టమర్ కోపం. హెల్ప్‌డెస్క్‌లు, రిపేరు షాపుల పని బాగా తెలిసినవాళ్లు వీటికి జవాబులు రాశారు.

ప్రశ్న: ఒక కంపెనీ హెల్ప్‌డెస్క్‌లో కొత్తగా చేరాను. "రీస్టార్ట్ చేశారా?" అని అడగ్గానే చాలామంది మండిపడతారు. "చేశానయ్యా, ఆ మాత్రం తెలీదా" అంటారు. తీరా రిమోట్‌లో చూస్తే ఆ మెషిన్ పది రోజులుగా ఆగకుండా నడుస్తోందని కనిపిస్తుంది. అబద్ధం చెబుతున్నారని తెలిశాక కూడా ఓపిగ్గా మాట్లాడాలంటే ఎలా?
— హైదరాబాద్ పాఠకుడు

జవాబు: చాలాసార్లు వాళ్లు చెప్పేది నిజమే. విండోస్ 10, 11 ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఫాస్ట్ స్టార్టప్ సాధారణంగా ఆన్‌లోనే ఉంటుంది. అది ఆన్‌లో ఉన్నప్పుడు షట్‌డౌన్ నొక్కితే మన ప్రోగ్రాములు మూసుకుంటాయి గానీ కెర్నెల్ (విండోస్ మూల భాగం), డ్రైవర్లు (పరికరాలను నడిపే ప్రోగ్రాములు) ఏ స్థితిలో ఉన్నాయో అదే స్థితి డిస్క్ మీద భద్రమవుతుంది. మర్నాడు పవర్ బటన్ నొక్కితే మెషిన్ అక్కడి నుంచే లేస్తుంది. చిక్కుకుపోయిన డ్రైవర్ చిక్కుకుపోయినట్టే ఉంటుంది. అన్నీ మొదటి నుంచి లోడ్ కావాలంటే రీస్టార్ట్ నొక్కాలి. రోజూ సాయంత్రం షట్‌డౌన్ చేసి ఇంటికెళ్లే మనిషిని పట్టుకుని "మీరు చేయలేదు" అంటే కోపం రాదా మరి?

అందుకే ఆ ప్రశ్న అడగడం మానేసి, అంకె చదివించండి. "సార్, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. పర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద క్లిక్ చేస్తే కింద అప్ టైమ్ అని కనిపిస్తుంది. అక్కడేం ఉందో చదువుతారా?" 10:04:22:15 అని ఉంటే పది రోజుల నాలుగు గంటలు అన్నమాట. అప్పుడు "మీరు షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగలేదండీ, దాని తీరే అంత. ఈసారి రీస్టార్ట్ నొక్కి చూద్దాం" అనండి. తప్పు విండోస్ మీదికి వెళ్తుంది. నిజానికి ఉన్నదీ అక్కడే. ఆ మనిషికి ఇదే బాధ మళ్లీ మళ్లీ వస్తుంటే కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో "చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ" లోపలికి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. దానికి అడ్మిన్ హక్కులు కావాలి. తీశాక మెషిన్ లేవడం కాస్త ఆలస్యమవుతుందని ముందే చెప్పండి, లేకపోతే దానికి ఇంకో ఫోన్ వస్తుంది.

"కేబుల్ పెట్టారా?" అన్న ప్రశ్నకీ ఇదే పద్ధతి. అడిగితే చూడకుండానే "పెట్టాను" అంటారు. "కేబుల్ రెండు వైపులా పూర్తిగా తీసి, 30 సెకన్లు ఆగి, మళ్లీ గట్టిగా పెట్టండి" అంటే చేత్తో పట్టుకోక తప్పదు. ఊడిపోయి ఉంటే వాళ్లే చూసుకుని పెట్టేస్తారు. మీరు ఆ సంగతి ఎత్తాల్సిన పని లేదు.

ప్రశ్న: అకౌంటెంట్ల ఆఫీసులకు కంప్యూటర్ సర్వీస్ చేస్తుంటాను. నెలంతా పలకరించని వాళ్లు 20వ తేదీ సాయంత్రం జీఎస్టీ రిటర్న్ సైన్ కావడం లేదని ఫోన్ చేసి అరుస్తారు. ఆ అరుపుల మధ్య ఏది ముందు చూడాలో నాకూ తోచదు.
— విజయవాడ పాఠకుడు

జవాబు: ముందు ఆ ఆఫీసు వాళ్లకు పోయేది ఎంతో తెలుసుకోండి. ప్రతి నెలా వేసేవాళ్లకు జీఎస్టీఆర్-3బీ (పన్ను లెక్క చూపే రిటర్న్) గడువు 20వ తేదీ. మూడు నెలలకోసారి వేసేవాళ్లకు ఆంధ్ర, తెలంగాణల్లో 22. దాటితే రోజుకు 50 రూపాయల లేట్ ఫీజు, నిల్ రిటర్న్ (లావాదేవీలేమీ లేనిది) అయితే 20. కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. అకౌంటెంటు భయపడేది దీనికీ, తన క్లయింటు ముందు మాట పడటానికీ.

కాబట్టి ఫోన్ తీయగానే అడగాల్సింది "ఇది ప్రొప్రైటర్ ఫర్మా, కంపెనీయా?" అని. ప్రొప్రైటర్ అయితే డిజిటల్ సంతకమే కావాలని లేదు. ఓటీపీతో ధ్రువీకరించే ఈవీసీ పద్ధతి ఎంచుకుంటే సంతకందారు మొబైల్‌కి, మెయిల్‌కి ఓటీపీ వస్తుంది, రిటర్న్ పడిపోతుంది. టోకెన్ (డిజిటల్ సంతకం ఉండే యూఎస్‌బీ పరికరం) రిపేరు రేపు తీరిగ్గా చేసుకోవచ్చు. దారి ఒకటుందని వినగానే గొంతు తగ్గుతుంది. కంపెనీ, ఎల్‌ఎల్‌పీ అయితే మాత్రం డిజిటల్ సంతకం తోనే వేయాలి. అప్పుడు కింది వరసలో వెళ్లండి.

టోకెన్‌ని యూఎస్‌బీ హబ్‌లోంచి తీసి నేరుగా మెషిన్‌కి పెట్టించండి. టోకెన్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్ తెరిచి సర్టిఫికెట్ కనిపిస్తోందా, దాని గడువు తేదీ ఎంత అన్నది చదివించండి. సర్టిఫికెట్ గడువు తీరిపోయి ఉండటం మనం అనుకునేదాని కంటే ఎక్కువ. అక్కడ సర్టిఫికెట్టే కనిపించకపోతే డ్రైవర్ తప్పు, జీఎస్టీ పోర్టల్‌తో కుస్తీ పట్టి లాభం లేదు. కనిపిస్తే ఎంసైనర్‌ని (పోర్టల్‌లో డిజిటల్ సంతకం పెట్టించే ప్రోగ్రాం) పూర్తిగా మూసి, రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. "ఫెయిల్డ్ టు ఎస్టాబ్లిష్ కనెక్షన్" అని వస్తుంటే అదే బ్రౌజర్‌లో హెచ్‌టీటీపీఎస్‌తో 127.0.0.1:1585 అడ్రస్ కొట్టి, హెచ్చరిక వచ్చినప్పుడు అడ్వాన్స్‌డ్ నొక్కి ముందుకు వెళ్లండి. పోర్టల్ మన మెషిన్లోని ఎంసైనర్‌తో మాట్లాడేది ఆ 1585 పోర్టు ద్వారానే. ఎంసైనర్ సొంత సర్టిఫికెట్‌ను బ్రౌజర్ నమ్మకపోతే మాట కలవదు. యాంటీవైరస్ అడ్డుకున్నా ఇదే ఎర్రర్. సంతకం సర్టిఫికెట్ (డీఎస్‌సీ) ఈమధ్యే రెన్యూ చేసి ఉంటే పోర్టల్ ప్రొఫైల్‌లో దాన్ని అప్‌డేట్ చేశారో లేదో చూడాలి.

ఒక్క విషయంలో మాత్రం మీరే గట్టిగా ఉండాలి. కంగారులో ఉన్న మనిషి టోకెన్ పాస్‌వర్డ్ వరసగా తప్పు కొడుతుంటాడు. రెండుసార్లు తప్పితే చాలు, "ఆపండి, ఇక కొట్టకండి" అనండి. టోకెన్ లాక్ అయితే చాలా సందర్భాల్లో కొత్త సర్టిఫికెట్ తీసుకోవడం తప్ప దారి ఉండదు. అది ఆ రాత్రికి అయ్యే పని కాదు.

ప్రశ్న: రిపేరు షాపు నడుపుతున్నాను. ఒక విద్యార్థి ల్యాప్‌టాప్‌కి మదర్‌బోర్డు మార్చాం. ఆన్ చేస్తే నీలం తెర మీద, డిస్క్‌లోని డేటాకి తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతోంది. "మంచిగున్న డేటా ఖరాబ్ చేసిన్రు" అని ఆ పిల్లవాడి అన్న రోజూ వచ్చి గొడవ చేస్తున్నాడు.
— వరంగల్ పాఠకుడు

జవాబు: మీరు పాడుచేయలేదు. కానీ ముందు చెప్పలేదు కాబట్టి అతని కోపానికి ఆధారం ఉంది. బిట్‌లాకర్ తాళం మదర్‌బోర్డు మీద ఉండే టీపీఎమ్ అనే భద్రతా చిప్‌తో ముడిపడి ఉంటుంది. బోర్డు మారితే అది కొత్త మెషిన్ అనుకుని కీ అడుగుతుంది. బయోస్ (మెషిన్‌ని మొదలుపెట్టే మూల ప్రోగ్రాం) అప్‌డేట్ చేసినా ఒక్కోసారి ఇంతే. విండోస్ 11 కొత్త మెషిన్లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే ఎన్‌క్రిప్షన్ (ఈ తాళం వేయడం) దానంతటదే ఆన్ అవుతుంది కాబట్టి చాలామందికి అది ఉందనే తెలియదు.

ఇప్పుడు చేయాల్సింది: ఫార్మాట్ మాట ఎత్తకండి. ఆ కీ 48 అంకెలు, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. నీలం తెర మీద కీ ఐడీ కనిపిస్తుంది, దాని మొదటి ఎనిమిది అక్షరాలు ఫొటో తీసుకోండి. తర్వాత "ఈ ల్యాప్‌టాప్ కొన్నరోజు ఎవరి మెయిల్‌తో మొదలుపెట్టారు?" అని అడగండి. కీ దొరికేది ఈ ప్రశ్నతోనే. ఇప్పుడు వాడుతున్న మెయిల్‌లో లేకపోయినా, మొదట సెటప్ చేసిన అన్న అకౌంట్లోనో, అక్క అకౌంట్లోనో ఉంటుంది. కాలేజీ మెయిల్‌తో లాగిన్ అయి ఉంటే కాలేజీ ఐటీ విభాగం దగ్గర ఉండొచ్చు. ఆ అకౌంట్‌తో మైక్రోసాఫ్ట్ సైట్‌లోకి వెళ్లి డివైజెస్‌లో చూస్తే కీలు వరసగా ఉంటాయి. ఐడీ సరిపోయినదే తీసుకోవాలి, పాత ల్యాప్‌టాప్ కీ కూడా అక్కడే ఉంటుంది.

ఎక్కడా దొరక్కపోతే సూటిగా చెప్పండి: "కీ లేకుండా డేటా రాదన్నా. మేమే కాదు, కంపెనీ సర్వీస్ సెంటర్ వాళ్లూ తీయలేరు. డిస్క్ ఇట్లనే పక్కన పెడతా, కీ ఎప్పుడు దొరికినా తెరుచుకుంటది." "రేపు చూద్దాం, ప్రయత్నిద్దాం" అంటూ నాలుగుసార్లు తిప్పించుకోవడం కంటే చేదు మాట మొదటిరోజే చెప్పడం మేలు. మీ దగ్గరికి రోజూ వచ్చి గొడవ చేస్తున్నాడంటే ఎక్కడో "చూద్దాం" అన్నారన్నమాటే.

ఇకముందు జాబ్ కార్డు మీద రెండు గడులు పెట్టుకోండి: బ్యాకప్ ఉందా, బిట్‌లాకర్ కీ ఉందా. మెషిన్ లోపలికి తీసుకునే ముందే అడిగి సంతకం పెట్టించండి. బయోస్ అప్‌డేట్ అయితే ముందుగా, విండోస్ ప్రో ఎడిషన్‌లో బిట్‌లాకర్ సస్పెండ్ చేయండి. హోమ్ ఎడిషన్‌లో సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, డీక్రిప్షన్ పూర్తయ్యేదాకా ఆగండి.

ప్రశ్న: నైట్ షిఫ్టులో అమెరికా కస్టమర్ల కాల్స్ తీసుకుంటాను. కాల్ నా దాకా వచ్చేసరికే వాళ్లు ఇద్దరు ముగ్గురితో మాట్లాడి ఉంటారు. కొందరు బూతులు తిడతారు. ఎంతవరకు భరించాలి?
— విశాఖపట్నం పాఠకురాలు

జవాబు: రెండూ వేరు సంగతులు. మొదటిది టికెట్‌తో (కస్టమర్ ఫిర్యాదు రికార్డుతో) తీరుతుంది. కాల్ కలిశాక "మీ సమస్య చెప్పండి" అనకండి. పాత నోట్స్ అర నిమిషం చదివి మీరే చెప్పండి: నిన్న డ్రైవర్ మార్చారు, రెండోసారి మోడెమ్ రీసెట్ చేశారు, అయినా ఇరవై నిమిషాలకోసారి కనెక్షన్ పోతోంది, అంతేనా? తనకు జరిగింది ఎవరో రాసిపెట్టారని తెలిస్తే మనిషి నెమ్మదిస్తాడు. మీరు పైవాళ్లకు పంపేటప్పుడూ లైన్ మీద ఉండి, ఆ సంగతంతా వాళ్లకు చెప్పాకే తప్పుకోండి. హోల్డ్‌లో పెడితే ఎంతసేపో చెప్పండి. రెండు నిమిషాలన్నారంటే పని కాకపోయినా రెండు నిమిషాలకు తిరిగి పలకండి.

బూతుల సంగతి వేరు. కంప్యూటర్ని తిడితే విననట్టు పని చేసుకుపోండి. మిమ్మల్ని తిడితే ఒకసారి మామూలు గొంతుతో చెప్పండి, సాయం చేయాలనే ఉంది, ఈ భాష ఆపితేనే చేయగలను అని. రెండోసారీ అంటే కాల్ ముగిస్తానని హెచ్చరించి, మూడోసారికి మీ కంపెనీ నియమం ప్రకారం ముగించండి. ఆ నియమం రాతలో ఉందో లేదో ఇవాళే మీ టీమ్ లీడ్‌ని అడగండి. ముగించిన వెంటనే టికెట్‌లో టైముతో సహా ఉన్నది ఉన్నట్టు రాయండి. "కస్టమర్ దురుసుగా ప్రవర్తించారు" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. తర్వాతి కాల్‌కి ముందు రెండు నిమిషాల విరామం అడిగి తీసుకోండి. ఆ కోపం తర్వాత ఫోన్ చేసిన ముసలావిడ మీద పడకూడదు.

ప్రశ్న: రిమోట్ సాఫ్ట్‌వేర్ వేసుకోమంటే "మీరు దొంగలేమో" అని కస్టమర్లు గొడవ పడుతున్నారు.
— కర్నూలు పాఠకుడు

జవాబు: వాళ్లు జాగ్రత్తగా ఉన్నందుకు సంతోషించండి. నచ్చజెప్పే ప్రయత్నం చేయకండి, ఒత్తిడి పెట్టేకొద్దీ అనుమానం పెరుగుతుంది. "ఫోన్ పెట్టేసి, మీ బిల్లు మీదున్న మా నంబరుకి మీరే చేయండి" అనండి. విండోస్‌లోనే ఉండే క్విక్ అసిస్ట్ వాడితే బయటి సాఫ్ట్‌వేర్ అవసరం ఉండదు. కలిసే ముందు బ్యాంకు పేజీలు, మెయిల్, వాట్సాప్ మూసేయమని మీరే గుర్తుచేయండి. ఓటీపీ, పిన్ ఏ కారణంతోనూ అడగకండి. పాస్‌వర్డ్ కొట్టాల్సి వస్తే వాళ్లే కొట్టాలి. పని అయ్యాక సెషన్ వాళ్ల చేతనే మూయించండి. ఇదివరకే ఎవరో మోసం చేసి డబ్బు లాగారని మాటల్లో తెలిస్తే, మీ పని ఆపి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.