ద్రాక్ష ఆకులు మాడుతుంటే ముందు నీళ్లు పోసే పద్ధతి మార్చండి

మధురవాడలో మీ పెరటి ద్రాక్షకి రోజూ సాయంత్రం బకెట్ నీళ్లు పోస్తున్నా ఆకుల అంచులు మాడుతున్నాయని, ఆకులన్నీ కోసేద్దామా అని అడిగారు. దయచేసి కోయకండి.

ఇబ్బంది ఆ బకెట్‌తోనే అండీ. రోజూ కాసిన్ని పోస్తే పైమట్టి మాత్రమే తడుస్తుంది, వేర్లూ అక్కడే తిరుగుతాయి, మే ఎండకి ముందు ఎండేది ఆ మట్టే. నాలుగైదు రోజులకోసారి, అడుగున్నర లోతు తడిసేదాకా డ్రిప్‌తో నెమ్మదిగా వదలండి. ఇనుప చువ్వ గుచ్చి చూస్తే ఎంతవరకు దిగిందో తెలుస్తుంది. డ్రిప్పర్లు మొదలుకి ఆనించకుండా రెండు వైపులా అడుగు దూరంలో పెట్టి, పైన ఎండుటాకులో కొబ్బరి పీచో మందంగా పరవండి. గెలలు పండే టైంలో మట్టిని పూర్తిగా ఎండనిచ్చి ఒక్కసారిగా నీళ్లు పెడితే కాయలు పగులుతాయి, అది జాగ్రత్త.

ఆకుల పందిరి అలాగే ఉంచండి, ఎండ నేరుగా గెలల మీద పడదు. కాకపోతే ఆకు ఎంత ఎక్కువుంటే తీగ అంత నీరు ఆవిరిగా వదులుతుంది కాబట్టి గెలలు లేని బలహీనమైన కొమ్మలు మాత్రం తీసేయండి, పడమటి వైపు ఆకు అస్సలు ముట్టుకోవద్దు.

ఇంకోటి, మీది బోరు నీళ్లైతే ఉప్పు ఎంతుందో టెస్ట్ చేయించండి, ఉప్పు వల్ల కూడా అంచులు అచ్చం ఇలాగే మాడతాయి. అదే కారణమని తేలితే, ఈసారి డాగ్‌రిడ్జ్ అనే వేరుమూలం (అంటుకి కింద వేరు భాగంగా వాడే ద్రాక్ష రకం) మీద అంటుకట్టిన మొక్క తెచ్చుకోండి, నీటి ఎద్దడినీ ఉప్పునీ బాగా తట్టుకుంటుంది.